నమ్మిన ప్రాణికి తుది తోడు

(గోపాష్టమి సందర్భంగా దేవస్థానం గోశాల ప్రాంగణంలో జరిగిన సత్సంగంలో విశ్రాంత పశువైద్యులు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

 

గోపాష్టమి నాడు గోమహిమ గురించి మాట్లాడడం ఆనవాయితీ. ఆ మహిమను నాకన్న బాగా చెప్పగల పెద్దలు ఈ వేదికపైనే ఉన్నారు. నేను ముప్పై ఆరు సంవత్సరాలు పశువైద్యునిగా ఉద్యోగం చేసినవాణ్ణి. కనుక నాకు తెలిసిన విషయమే చెప్పడానికి అనుమతి కోరాను. ఇంట్లో పెంచుకున్న కుక్కకో పిల్లికో అంత్యకాలం సమీపించినప్పుడు ఆ ఇంటివారు ఏమి చేయాలి, ఎలా నిర్ణయించుకోవాలి అన్నదే ఆ విషయం. పండుగపూట మరణం మాట ఎందుకని కొందరికి అనిపించవచ్చు. అలా అనుకునే మనమందరమూ ఆ మాటను వాయిదా వేస్తూ ఉంటాము. ఆ వాయిదా వల్ల కలిగే బాధను మాత్రం నోరులేని ప్రాణి అనుభవిస్తుంది.

ద్వారం దగ్గర దొరికిన శునకం

శ్రావణమాసంలో ఒక తెల్లవారుజామున గోశాల కావలివాడు నాకు ఫోన్ చేశాడు. ప్రధాన ద్వారం పక్కనున్న వేపచెట్టుకు ఎవరో ఒక ముసలి కుక్కను కట్టి వెళ్ళారు. నేను వెళ్ళేసరికి అది చెట్టు మొదట్లో పడుకొని ఉంది. మెడలో బంతిపూల దండ ఉంది. నుదుట కుంకుమ ఉంది. పక్కనే స్టీలు గిన్నెలో పెరుగన్నం, ఒక బిస్కట్ పొట్లం, మడతపెట్టిన పాత దుప్పటి ఉన్నాయి.

దానిని ద్వేషించినవారు వదిలిపెట్టలేదని చూడగానే అర్థమైంది. ద్వేషించినవారు దండ వేయరు. ఆ ఇంటివారు దానిని చివరిసారి స్నానం చేయించి, బొట్టుపెట్టి, ‘ఇక స్వామివారే చూసుకుంటారు’ అనుకొని, చీకట్లో వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయి ఉంటారు.

పరీక్షిస్తే మూత్రపిండాలు రెండూ దాదాపు పనిచేయడం మానేశాయని తేలింది. నోటినుండి దుర్వాసన, ఎండిపోయిన చిగుళ్ళు, ఎముకలకు అతుక్కున్న చర్మం. సెలైన్ పెట్టాము, వాంతులు ఆగడానికి మందు ఇచ్చాము. మూడు రోజులు బతికింది. ఆ మూడు రోజులూ పెరుగన్నం ముట్టలేదు. రోడ్డుమీద స్కూటరు శబ్దం వినిపించినప్పుడల్లా తల ఎత్తి ద్వారం వైపు చూసేది. వచ్చింది తనవారు కాదని తెలియగానే తల దించుకునేది. మా సేవకులు దాని ఒళ్ళు నిమిరారు, పక్కనే కూర్చున్నారు. అయినా అది ఎదురుచూసింది మాకోసం కాదు.

ఆ ఇంటివారు నేడు ఈ సభలో ఉండవచ్చు. ఉంటే, వారిని నిందించడానికి నేను రాలేదని విన్నవిస్తున్నాను. వారికి ఏమి చేయాలో తెలియలేదు. అడగడానికి మనిషి దొరకలేదు. ఆ లోటు మాది, పశువైద్యులది కూడా. అందుకే ఈ నాలుగు మాటలు.

ధర్మరాజు తేల్చి చెప్పిన మాట

మహాప్రస్థానిక పర్వం మీకు తెలిసినదే. పాండవులు ద్రౌపదితో కలిసి హస్తినాపురం విడిచి బయలుదేరినప్పుడు ఒక శునకం వారి వెంట నడిచింది. దారిలో ద్రౌపది పడిపోయింది, తమ్ముళ్ళు ఒకరి తర్వాత ఒకరు పడిపోయారు. చివరికి మిగిలినవి ధర్మరాజు, ఆ శునకం. ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కకు స్వర్గంలో చోటులేదు, విడిచి రమ్మన్నాడు. నన్ను నమ్మి వెంట వచ్చినదానిని విడిచి నాకు స్వర్గం అక్కరలేదని ధర్మరాజు నిలబడ్డాడు. అప్పుడు ఆ శునకం ధర్మదేవతయై ప్రత్యక్షమైంది.

ఈ కథలో నేను వైద్యునిగా గమనించినది ఒకటి ఉంది. ఆ శునకానికి ధర్మరాజు చేయగలిగిన ఉపకారం ఏమీ లేదు. అన్నం పెట్టలేడు, వైద్యం చేయించలేడు. విడిచిపెట్టకుండా ఉండడం ఒక్కటే ఆయన చేతిలో ఉన్నది. దానినే ధర్మం పరీక్షగా పెట్టింది.

కనుక మొదటి నియమం ఇది: ముసలిదైనా, రోగిష్టిదైనా, పెంచినదానిని దిక్కులేకుండా వదలరాదు. గుడిమెట్ల దగ్గర వదిలినా, గోశాల ముందు వదిలినా, అది వదలడమే అవుతుంది. మన దేశ శాసనం కూడా ఇదే చెబుతున్నది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, తగిన కారణం లేకుండా జంతువును ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో విడిచిపెట్టడాన్ని క్రూరత్వంగానే పరిగణించింది. జీవుల పట్ల కరుణ కలిగి ఉండడం పౌరుల ప్రాథమిక విధి అని రాజ్యాంగంలోని 51ఎ అధికరణం పేర్కొన్నది.

అంత్యదశను గుర్తించడం ఎలా?

శునకాలలో పెద్దజాతివి ఎనిమిది, పది సంవత్సరాలకే వృద్ధాప్యంలో ప్రవేశిస్తాయి. చిన్నజాతివి, మన ఊరకుక్కలు, పన్నెండు పదిహేను సంవత్సరాల వరకు ఉండవచ్చు. ఇంట్లోనే ఉండే పిల్లులు ఇంకా ఎక్కువకాలం బతుకుతాయి. వృద్ధాప్యం రోగం కాదు. నడక నెమ్మదించినంత మాత్రాన, చెవులు వినిపించనంత మాత్రాన, కళ్ళకు పొర కమ్మినంత మాత్రాన ప్రాణం బరువైనట్టు కాదు.

అయితే జంతువులు బాధను దాచుకుంటాయి. అది వాటి స్వభావం. మూలిగితేనే నొప్పి ఉన్నట్టని మనం భ్రమపడతాము. ఊరికే పడుకొని ఉన్నా రొప్పడం, రాత్రి ఒకచోట నిలకడగా పడుకోలేక పదేపదే చోటు మారడం, ఒకే చోటును అదేపనిగా నాకడం, ముట్టుకోబోతే కసురుకోవడం, మంచం కిందికో చీకటి మూలకో పోయి దాక్కోవడం, ఇష్టమైన తిండి వాసన చూసి మొహం తిప్పుకోవడం, పడుకున్నచోటే మలమూత్రాలు విడిచి సిగ్గుపడినట్టు చూడడం – ఇవన్నీ నొప్పి మాట్లాడే మాటలు.

అమెరికా దేశంలో పశువుల కేన్సర్ చికిత్సలో పేరొందిన ఆలిస్ విల్లలోబోస్ అనే వైద్యురాలు ఒక కొలమానాన్ని రూపొందించారు. ఏడు ప్రశ్నలు వేసుకోమన్నారు. నొప్పి అదుపులో ఉన్నదా? తినగలుగుతున్నదా? ఒంట్లో నీరు నిలుస్తున్నదా? ఒళ్ళు శుభ్రంగా ఉంచగలుగుతున్నామా? మనల్ని చూసినప్పుడు సంతోషం కనిపిస్తున్నదా? లేచి తిరగగలుగుతున్నదా? చెడ్డరోజుల కంటే మంచిరోజులు ఎక్కువగా ఉన్నాయా? ఒక్కొక్కదానికి సున్నా నుండి పది వరకు మార్కులు వేసుకోవాలి. మొత్తం 35 దాటితే సేవచేస్తూ కొనసాగించవచ్చునని, తగ్గుతూ ఉంటే వైద్యునితో కూర్చొని మాట్లాడాలని దాని భావం.

ఇన్ని లెక్కలు కష్టమనుకునేవారికి నేను సులువైన పద్ధతి చెబుతాను. ఇంట్లో గోడకు తెలుగు క్యాలెండరు ఉంటుంది కదా! ప్రతి రాత్రి పడుకునే ముందు ఆ తేదీ గడిలో గుర్తు పెట్టండి. ప్రాణి తిని, కాస్త తిరిగి, మీ చేయి నాకిన రోజైతే పసుపు చుక్క. రోజంతా బాధపడితే కుంకుమ చుక్క. రెండు వారాల తర్వాత చూడండి. మన మనస్సు మనల్ని మభ్యపెడుతుంది కానీ ఆ గడులు మభ్యపెట్టవు.

మూడు మార్గాలు

రోగం ముదిరినప్పుడు వైద్యునితో మూడు మార్గాల గురించి మాట్లాడాలి. మొదటిది చికిత్స. నయమయ్యే జబ్బైతే వయస్సు చూసి వెనకాడనక్కరలేదు. అయితే ‘ఈ శస్త్రచికిత్స వల్ల ఎన్నాళ్ళు పెరుగుతాయి, ఆ రోజులు ఎలా గడుస్తాయి, ఖర్చెంత’ అని మొహమాటం లేకుండా అడగండి. ఖర్చు గురించి అడగడం ప్రేమ తక్కువై కాదు. అప్పుచేసి మూడు వారాల యాతన కొనుక్కున్న కుటుంబాలను నేను చూశాను.

రెండవది ఉపశమన సేవ. రోగం పోదు, బాధను మాత్రం తగ్గించవచ్చు. మెత్తని పరుపు వేయండి. కదలలేనిదానిని కొన్ని గంటలకొకసారి పక్క మార్చండి, లేకుంటే పుండ్లు పడతాయి. నున్నటి గచ్చుమీద కాళ్ళు జారకుండా గోనెపట్టా పరచండి. నీళ్ళ గిన్నెను మూతికి అందే ఎత్తులో పెట్టండి. నొప్పి మందు మాత్రం వైద్యుడు చెప్పినదే ఇవ్వాలి. మనం తలనొప్పికి వేసుకునే పారాసెటమాల్ మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి కుక్కల కడుపును, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ‘పాపం, నొప్పి తగ్గుతుందని వేశామండీ’ అని ఏడ్చినవారిని నా ఉద్యోగంలో ఎందరినో చూశాను.

మూడవది కారుణ్య మరణం. ఇక నయం కాదని, బాధ తగ్గించే మందులూ పనిచేయడం లేదని వైద్యుడు నిర్ధారించినప్పుడు, నొప్పి లేకుండా ప్రాణం విడిచేలా చేయడం. బతికించి ఉంచడమే క్రూరత్వమయ్యే స్థితి ఒకటి ఉంటుందని పైన చెప్పిన చట్టమే 13వ సెక్షన్‌లో గుర్తించింది. ఇది అర్హత కలిగిన పశువైద్యుడు మాత్రమే చేయవలసిన పని. ఇల్లు మారుతున్నామనో, విదేశం వెళుతున్నామనో, ముసలిదై ఇల్లు పాడుచేస్తున్నదనో ఆరోగ్యంగా ఉన్నదానికి దీనిని కోరితే నేను ఏనాడూ ఒప్పుకోలేదు. నేను మాట్లాడుతున్నది ఇంట్లో పెరిగే కుక్కలు, పిల్లుల గురించి. మన గోశాలలోని గోవులకు సహజంగా ప్రాణం పోయేవరకు సేవచేయడం ఈ దేవస్థానం పెట్టుకున్న నియమం. అది అలాగే కొనసాగుతున్నది.

ఇది పాపమా?

అందరూ అడిగే ప్రశ్న ఇది. కొందరు గొంతు తగ్గించి అడుగుతారు. ‘డాక్టరుగారూ, ప్రాణం పోయలేని మనకు తీసే హక్కున్నదా?’ ఈ ప్రశ్నను తేలికగా తీసుకునే వైద్యుణ్ణి నమ్మవద్దు.

అహింసావ్రతాన్ని జీవితంగా చేసుకున్న మహాత్మాగాంధీ ముందుకే ఈ ప్రశ్న వచ్చింది. 1928లో సాబర్మతి ఆశ్రమంలో ఒక దూడ తీవ్రంగా దెబ్బతిన్నది. చేయగలిగిన చికిత్స అంతా చేశారు. అది పక్కకు ఒరగడానికి కూడా యాతన పడుతూ ఉండేది. ఇక లాభం లేదని వైద్యులు చెప్పారు. ఆశ్రమవాసులతో చర్చించి, వారిలో అభ్యంతరం ఉన్నవారి మాటను కూడా విని, చివరికి వైద్యునిచేత ఇంజెక్షను ఇప్పించి దానికి బాధనుండి విముక్తి కలిగించారు. తన పత్రికలలో ఆ విషయాన్ని దాచకుండా రాశారు. దేశం నలుమూలల నుండి నిందలు వచ్చాయి. ఆయన వాటన్నిటికీ ఓర్పుతో సమాధానం ఇచ్చారు.

మరొక దృశ్యం చూడండి. అరుణాచల యాత్రకు వెళ్ళే మన తెలుగువారు రమణాశ్రమంలో లక్ష్మి అనే గోవు సమాధిని దర్శించుకొని ఉంటారు. 1948 జూన్ 18న ఆ గోవు అంత్యక్షణాలలో భగవాన్ రమణ మహర్షి దాని పక్కన కూర్చొని, తలమీద, గుండెమీద చేయి ఉంచి సాగనంపారు. దాని పక్కనే లేడికి, కాకికి, శునకానికి కూడా సమాధులు ఉన్నాయి. అక్కడ సూది లేదు. సహజంగా వచ్చిన మరణానికి సన్నిధి తోడైంది.

ఈ ఇద్దరిలో ఎవరు సరి అని నన్ను అడగవద్దు. ఇద్దరి దగ్గరా ఒకటి ఉన్నది. గాంధీజీ ఆ దూడ బాధనుండి చూపు తిప్పుకోలేదు. మహర్షి ఆ గోవు దగ్గరనుండి లేచి వెళ్ళలేదు. మన ఇంట్లో ఏ మార్గం ఎంచుకున్నా ఈ రెండు లక్షణాలు ఉన్నాయా అని చూసుకోవాలి. కారుణ్య మరణానికి మనస్సు ఒప్పుకోనివారిని బలవంతపెట్టే అధికారం వైద్యునికి లేదు. అయితే వారు ఉపశమన సేవను చివరి శ్వాస వరకు చేయాలి. సూది వద్దని చెప్పి, ప్రాణిని వరండా చివర వదిలేసి తలుపు వేసుకుంటే అది అహింస అనిపించుకోదు.

నా ఇంటి కథ

ఇన్ని మాటలు చెబుతున్న నేను నా ఇంట్లో ఏమి చేశానో కూడా చెప్పడం న్యాయం.

మా ఇంట్లో చిట్టి అనే కుక్క పదమూడు సంవత్సరాలు పెరిగింది. దానికి పాలగ్రంథుల కేన్సర్ వచ్చి ఊపిరితిత్తులకు పాకింది. పడుకుంటే ఊపిరి ఆడదు. రాత్రంతా ముందుకాళ్ళమీద కూర్చొని, మెడ చాచి, నోరు తెరిచి గాలికోసం తపించేది. నిద్ర ముంచుకొచ్చి తల వాలినప్పుడల్లా ఉలిక్కిపడి లేచేది. నేను మందులు మార్చాను, మోతాదులు మార్చాను. రేపటికి తేరుకుంటుంది అన్నాను. ఏమీ మిగలలేదని నా చదువుకు తెలుసు. నా మనస్సు మాత్రం ఒప్పుకోలేదు.

తొమ్మిదవ రాత్రి నా భార్య దాని పక్కన కూర్చొని ఒకటే అడిగింది. ‘ఏమండీ, ఇది పరాయివాళ్ళ కుక్కైతే మీరు వాళ్ళకు ఏం చెప్పేవారు?’

నేను సమాధానం చెప్పలేదు. తెల్లవారి నా శిష్యుడైన యువ వైద్యుణ్ణి పిలిచాను. నా చేతులు వణికాయి కనుక ఆ పని అతడే చేశాడు. చిట్టి తల నా ఒడిలో ఉంది. మత్తుమందు ఎక్కిన తర్వాత, తొమ్మిది రాత్రుల అనంతరం మొదటిసారి అది పక్కకు ఒరిగి పడుకుంది.

భాగవతంలోని భరతుని వృత్తాంతం ఆనాడు నాకు మళ్ళీ అర్థమైంది. తల్లిని కోల్పోయి నీటిలో కొట్టుకుపోతున్న లేడిపిల్లను ఆయన రక్షించడం దయ. ఆ దయ మెల్లగా మమకారంగా మారి, అది లేక తాను లేననే స్థితికి చేరింది. ఆ తొమ్మిది రాత్రులు నేను చిట్టిని కాపాడలేదు. చిట్టి లేని ఇంటినుండి నన్ను నేను కాపాడుకున్నాను. ఆ ఖర్చు అది చెల్లించింది.

ఆ ఘడియలో ఏమి జరుగుతుంది?

తెలియనిదానికి భయం ఎక్కువ. కనుక ఉన్నదున్నట్టు చెబుతాను. ముందుగా మగతనిచ్చే ఇంజెక్షను ఇస్తారు. ప్రాణి కొద్ది నిమిషాల్లో మత్తుగా నిద్రలోకి జారుకుంటుంది. తర్వాత నరంలోకి ఎక్కువ మోతాదులో మత్తుమందు ఎక్కిస్తారు. స్పృహ పూర్తిగా పోతుంది, శ్వాస ఆగుతుంది, కొన్ని నిమిషాల్లో గుండె ఆగుతుంది. కళ్ళు తెరిచే ఉండవచ్చు. ఒకటి రెండుసార్లు ఎగశ్వాస రావచ్చు, కండరాలు అదరవచ్చు, మూత్రం పోవచ్చు. అవి బాధకు గుర్తులు కావు. స్పృహ అంతకుముందే పోయి ఉంటుంది. ముందే మగత ఇస్తారా అని వైద్యుణ్ణి అడగడం మీ హక్కు.

వీలైతే దగ్గర ఉండండి. చూడలేమని బయటికి వెళ్ళిపోయిన యజమానుల కోసం బల్లమీద నుండి తలుపువైపు చూసిన కళ్ళను నేను మరచిపోలేను. మీరు నిజంగా ఉండలేకపోతే అది నేరం కాదు. దానికి పరిచయమున్న మనిషిని ఒకరిని ఉంచండి. మీ చీరకొంగో, తువ్వాలో తల కింద పెట్టండి. ఆ వాసన దానికి మీరే.

తులసితీర్థం పోయాలనుకునేవారు ఒక మాట గుర్తుంచుకోండి. స్పృహలేని ప్రాణి నోట్లో నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వేలితో పెదవులను తడపండి, చాలు. చెవిలో భగవన్నామం చెప్పండి. శ్రీకాళహస్తిలో సాలెపురుగుకు, సర్పానికి, ఏనుగుకు సాయుజ్యం ప్రసాదించిన స్వామి ఏ జన్మ అని అడగడు.

చుట్టూ ఉన్నవారి బాధ్యత

‘కుక్కే కదా, ఇంకోటి తెచ్చుకుందువులే’ అన్న మాట దయచేసి ఎవరితోనూ అనవద్దు. ముఖ్యంగా ఒంటరి వృద్ధులతో. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటారు. భర్త పోయి ఉంటాడు. ఉదయం ఆమెను నిద్రలేపేది, సాయంత్రం నడిపించేది ఆ కుక్కే. అటువంటి తల్లి ఒకామె నా ముందు ఫోన్‌లో కొడుకు ముఖం చూస్తూ, ‘నాన్నా, నువ్వు చెప్పు, నేను చెప్పలేను’ అన్నది. అవతల కొడుకు నోట మాట రాలేదు. దూరాన ఉన్న పిల్లలకు నా విన్నపం: నిర్ణయం తల్లిమీద వదిలేయకండి, ఆమె తరఫున మీరే తీసుకోకండి కూడా. వైద్యునితో మీరూ మాట్లాడి, ‘అమ్మా, ఇద్దరం కలిసి అనుకున్నాం’ అని చెప్పండి. ఆ తర్వాత నెలరోజులు రోజూ ఫోన్ చేయండి.

పసిపిల్లలకు అబద్ధం చెప్పవద్దు. ‘ఊరికి పంపాం’ అంటే ఎప్పుడొస్తుందని ఎదురుచూస్తారు. ‘నిద్రపుచ్చాం’ అంటే నిద్రకే భయపడతారు. ‘దానికి జబ్బు చేసింది, నయం చేయలేకపోయాం, చనిపోయింది, ఇక దానికి నొప్పి లేదు’ అని చెప్పండి. పిల్లలు మనం అనుకున్నదానికన్న ధైర్యవంతులు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఎవరినైనా కరిచిన కుక్క ప్రవర్తన మారిందని తొందరపడి చంపించకూడదు. కరిచిన చోటును సబ్బునీళ్ళతో బాగా కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోవాలి. కుక్కను పది రోజులు జాగ్రత్తగా పరిశీలనలో ఉంచాలి.

తర్వాత

కళేబరాన్ని నీటివనరులకు దూరంగా, లోతుగా గొయ్యి తీసి పూడ్చాలి. మందుతో మరణించిన శరీరంలో ఆ మందు నిలిచి ఉంటుంది. పైపైన పూడ్చినా, బయట పారవేసినా దానిని తిన్న గద్దలు, రాబందులు, వీధికుక్కలు చనిపోతాయి. ఒక ప్రాణికి చేసిన దయ మరొకదానికి విషం కారాదు.

కర్మ చేయాలా అని అడుగుతారు. శాస్త్రవిధి గురించి అర్చక స్వాములు చెప్పాలి. నాకు తెలిసినంతవరకు మన పెద్దలు గృహస్థునికి విధించిన పంచమహాయజ్ఞాలలో భూతయజ్ఞం ఒకటి. అందులో శునకానికి, కాకికి కూడా అన్నం పెట్టాలని ఉన్నది. మీ చిట్టి పేరుమీద ఒక వీధికుక్కకు పట్టెడన్నం పెట్టండి. వేసవిలో గోడపక్కన నీళ్ళతొట్టి ఉంచండి.

ఏ మార్గం ఎంచుకున్నా అపరాధభావం వస్తుంది. తొందరపడ్డామని కొందరు, ఆలస్యం చేశామని కొందరు కుమిలిపోతారు. నేను రెండవ కోవలోనివాణ్ణి. పదకొండేళ్ళయినా ఆ తొమ్మిది రాత్రులు నన్ను వదలలేదు. అయితే ఆ బాధ నన్ను మంచి వైద్యుణ్ణి చేసింది. అంతకుముందు రోగం గురించి మాత్రమే చెప్పి పంపేవాణ్ణి. ఆ తర్వాత కుర్చీ వేసి కూర్చోబెట్టి మాట్లాడడం మొదలుపెట్టాను.

విన్నపం

దాతలకు, భక్తులకు ఒక విన్నపంతో ముగిస్తాను. ఈ పూట నేను విరాళం అడగడం లేదు. ఇంట్లో ముసలి ప్రాణి ఉండి, దిక్కుతోచని స్థితి వస్తే చీకట్లో వచ్చి చెట్టుకు కట్టి వెళ్ళకండి. పగటిపూట రండి. గోశాల కార్యాలయంలో ప్రతి ఆదివారం ఉదయం నేను ఉంటాను. మందుల ఖర్చు భరించలేకపోతే ఆ మాట చెప్పండి, సిగ్గుపడకండి. ప్రభుత్వ పశువైద్యశాలకు తీసుకెళ్ళడానికి తోడు కావాలంటే మా సేవకులు వస్తారు. మేము మీ తరఫున నిర్ణయించము, మీరు నిర్ణయించుకునేవరకు పక్కన కూర్చుంటాము.

శ్రావణమాసంలో వచ్చిన ఆ శునకాన్ని వేపచెట్టు కిందనే పూడ్చాము. బంతిదండను దానితోపాటే ఉంచాము. స్టీలు గిన్నె మాత్రం ఆఫీసులో భద్రంగా ఉన్నది. ఆ ఇంటివారు ఎప్పుడైనా వస్తే ఇవ్వాలని ఉంచాము. వారిని ఎవరూ ఒక్క మాట అనరు. అది ఎక్కడ ఉన్నదో చూపిస్తాము. కాసేపు కూర్చొని వెళ్ళవచ్చు.

 స్వామివారి కరుణ సకల జీవులపై ప్రసరించుగాక. స్వస్తి.